స్పీకర్ గారి గంట

స్పీకర్ బల్ల మీది ఇత్తడి గంటను దొంగిలించాలని ఎమ్మెల్యే నిర్ణయించుకున్నారు. ఆలోచన మాత్రం భార్యది. ఇన్నేళ్లలో సొంతంగా ఒక్క ఆలోచన చేసిన పాపాన పోలేదని ఆయనే ఒప్పుకునేవారు.

ఐదుసార్లు గెలిచారు. సభలో కునుకు ఆయనది, ఇంటి ముందు క్యూ కట్టిన జనం గోడు వినడం ఆవిడది. ఈసారి పార్టీ అధ్యక్షుడు మెలిక పెట్టారు. ప్రజల కోసం జైలుకెళ్లినవాళ్లకే టికెట్టట!

"నా మీద సైకిల్‌కి లైటు లేదన్న కేసు కూడా లేదే!" ఎమ్మెల్యే తల పట్టుకున్నారు. "ఏ పనీ చేయనివాడి మీద కేసెవడు పెడతాడు?"

"మాట్లాడేవాళ్ల నోరు మూయించే గంట అది," అంది భార్య. "ప్రజల గొంతు నొక్కుతోందని ఎత్తుకొచ్చేయండి. జైలుకి జైలు, పేపర్లో ఫొటోకి ఫొటో."

"నా కోసం ఒక్కసారీ మోగలేదే అది! నేను నోరు తెరిచేది ఆవులించడానికేగా."

"ఆ సంగతి ఎవరికి గుర్తుంటుందండీ?"

సమావేశాల చివరి రోజు గ్రూప్ ఫొటో. కుటుంబాలతో సహా అందరూ మెట్ల మీద సర్దుకుంటున్నారు. ఎమ్మెల్యే ఖాళీ సభలోకి జారుకున్నారు. మోగకుండా గంట నాలుకను వేళ్లతో బిగించి సంచిలో వేసుకున్నారు. సంచిని చంకలో ఇరికించుకుని బయటికొచ్చారు. గేటు దగ్గర గార్డు మాత్రం ఆవలిస్తూనే సెల్యూట్ కొట్టాడు.

'దొంగతనం చేసినా నన్నెవడూ పట్టించుకోడన్నమాట' అని నిట్టూర్చారు.

ఇంటికి రాగానే భార్య సంచి అందుకుంది. "పొద్దున్నే స్టేషన్‌కెళ్లి లొంగిపోదురుగాని. బట్టలు, మాత్రలు నేను సర్దుతాను. విలేకరుల్నీ నేనే పిలుస్తాను. మీరు హాయిగా పడుకోండి."

అది ఆయనకు చేతనైన పని.

లేచేసరికి బారెడు పొద్దెక్కింది. ఇంట్లో భార్య లేదు. విలేకరుల కోసం వెళ్లిందనుకుని, సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కి పరుగెత్తారు.

స్టేషన్ ముందు ఇసక వేస్తే రాలనంత జనం. కెమెరాలు, జేజేలు. ఆయన చొక్కా సవరించుకుని చెయ్యి ఊపారు. ఒక్కరూ తిరిగి చూడలేదు. అందరి మెడలూ కిటికీ వైపే సాగి ఉన్నాయి. తోసుకుంటూ లోపలికెళ్లారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, గంట దొంగని నేనే. అరెస్ట్ చేయండి!"

ఇన్‌స్పెక్టర్ జాలిగా కుర్చీ చూపించాడు. "ఆలస్యం చేశారు సార్. దొంగ తెల్లారగానే గంటతో సహా లొంగిపోయారు."

"గంట నా సంచిలో ఉంటేనూ!"

సంచి బోర్లించారు. తువ్వాలు, మాత్రలు, చిన్న దిండు పడ్డాయి. ఎంత దులిపినా గంట రాలేదు.

అప్పుడే పక్క గదిలోంచి, ఫోనులో మాట్లాడుతున్న భార్య గొంతు వినిపించింది: "థ్యాంక్సండీ అధ్యక్షులవారూ, నేను చెప్పిన జైలు మెలిక మీరు పెట్టబట్టే కదా టికెట్ నాకొచ్చింది... మా ఆయనా? ఆయనేం అనుకోరండీ, ఇకమీదట ఇంట్లోనే పడుకుంటారు."