శనివారం నాలుగింటి ఎద్దులు

"అమ్మా, ఇప్పుడు చెప్పు. ఏది బాగుండాది?"

గోపాలకృష్ణ రిమోట్ నొక్కాడు. కొత్త టీవీలో ఒకే క్రికెట్ మ్యాచ్ ఒకసారి కేబుల్లో, ఒకసారి డిష్‌లో వస్తోంది.

కేబుల్లో బంతి ఎటు పోయిందో వెతుక్కోవాలి. డిష్‌లో బంతి మీద కుట్లు కూడా కనబడుతున్నాయి.

వీరమ్మ రెండూ చూసింది.

"దీంట్లో శనివారం నాలుగింటికి ఎద్దులొస్తాయా?"

గోపాలకృష్ణ తల పట్టుకున్నాడు.

కంభంలో నాలుగు వీధులకు కేబుల్ లాగిన మస్తాన్‌కు సొంత ఛానల్ ఒకటుంది. చెరువులో నీళ్లెంత ఉన్నాయో, ఎవరి గేదె తప్పిపోయిందో అందులో చెబుతాడు. శనివారం నాలుగింటికి మాత్రం ఎప్పటిదో అర్ధవీడు తిరునాళ్ల టేపు వేస్తాడు. ఎడ్లు బండ లాగే పోటీ. తెర నిండా గీతలే.

ఆ టేపంటే వీరమ్మకు ప్రాణం. నాలుగు కాకముందే మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంటుంది. నాలుగూ అయిదుకు ఫోన్ మోగుతుంది.

"అక్కా, బొమ్మ బాగొస్తాందా?"

"వస్తాందిలే మస్తానూ."

కనెక్షన్ ఊడిపోకుండా మస్తాన్ కలుపుకునే వరసలివని గోపాలకృష్ణ నమ్మకం.

"డిష్‌లో జంతువుల ఛానళ్లే నాలుగుండాయమ్మా. ఎద్దు మీద ఈగ వాలినా కనపడతాది."

"అవి మన ఎద్దులు కాదు గదరా."

"ఎద్దుల్లో మనవేంది, పరాయివేంది!"

వీరమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. గిద్దలూరులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుని, పొద్దున పోతే చీకటిపడ్డాక వచ్చే కొడుకు. ముచ్చటపడి కొన్నాడు. ఆ టీవీ బిగించడానికి గోడ మీది తండ్రి ఫోటోను కూడా పక్కకు జరిపాడు. తను కడుపులో ఉండగానే పోయిన తండ్రి అతనికి ఆ ఒక్క ఫోటోలోనే తెలుసు. మెడ దాకా గుండీలు పెట్టుకుని బిగుసుకుపోయిన మనిషి.

మర్నాడు మస్తాన్ వచ్చి తన వైరు విప్పుకున్నాడు.

"అక్కను ఒక్కమాట అడిగినావా, గోపాలా?"

"మా అమ్మ సంగతి నాకు తెలీదా, మస్తాన్?"

మస్తాన్ ఏదో చెప్పబోయి వీరమ్మ వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. వైరు చుట్ట భుజాన వేసుకుని అతను మెట్లు దిగిపోయాడు.

నెల గడిచింది.

ఒక శనివారం గోపాలకృష్ణ ఇంట్లోనే ఉన్నాడు. నాలుగింటికి వీరమ్మ అలవాటుగా వచ్చి టీవీ ముందు కూర్చుంది. తళతళలాడే బొమ్మను అయిదు నిమిషాలు చూసింది. ఫోన్ వైపు ఒకసారి చూసింది. లేచి వెళ్లి చేటలో బియ్యం పోసుకుంది. చీర కూడా మార్చుకోలేదు.

గోపాలకృష్ణ టీవీ కట్టేశాడు. ఎద్దులైతే ఏం, దున్నలైతే ఏం, అమ్మకు కావాలి. మర్నాడే కేబుల్ మళ్లీ పెట్టించుకుందామని మస్తాన్ ఇంటికి వెళ్లాడు.

చంటిబిడ్డను ఎత్తుకుని మస్తాన్ కూతురు సైమా బయటికొచ్చింది.

"మా అబ్బ లేడన్నా. బెంగళూరు పోయినాడు. ఏదో అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్."

"మరి ఛానలు?"

"మూసేసినాడు. అందరూ ఎప్పుడో డిష్‌లకు మారిపోయినారు గదా. ఏడాదిగా ఉండింది మీ ఇల్లొకటే."

అంటే ఏడాది పొడుగునా చెరువు నీళ్లూ, తప్పిపోయిన గేదెలూ మస్తాన్ వీరమ్మ ఒక్కదానికే చెప్పాడు!

"ఒక్క ఇంటికోసం ఛానల్ నడిపినాడా?"

"మేమూ అట్లనే అడిగితిమి. శనివారం అక్క కూచోని ఉంటాది అనేవాడు." సైమా లోపలికి వెళ్లి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చింది. "ఇది మీ ఇంట్లో ఇచ్చి రమ్మన్నాడు. కాన్పయి కదల్లేకపోతి. మీరొచ్చినారని అబ్బకు చెప్తా."

గోపాలకృష్ణ ఇంటికి రాగానే పెన్‌డ్రైవ్ పెట్టబోయాడు.

"శనివారం చూద్దాంలే," అంది వీరమ్మ.

శనివారం వచ్చింది. ఉతికిన చీర మళ్లీ బయటికొచ్చింది. గోపాలకృష్ణ దుకాణం మూసి మరీ పక్కన కూర్చున్నాడు.

అవే గీతలు, అదే దుమ్ము. జోడెద్దులు బండను లాగుతున్నాయి. పక్కనే తలపాగా మనిషి ఒకడు అదిలిస్తూ పరుగెత్తుతున్నాడు. బండ ఆగింది. అతను ఇటు తిరిగి నోరారా నవ్వాడు.

వీరమ్మ చప్పున పైట సర్దుకుంది.

గోపాలకృష్ణ తల్లిని చూశాడు. గోడ మీది ఫోటోను చూశాడు. మళ్లీ తెరను చూశాడు.

"అమ్మా..."

"మీ నాయనే."

నాయన నవ్వుతాడని అతనికి ముప్పై ఏళ్లుగా తెలియదు.

"ఇన్నాళ్లు చెప్పలేదేందమ్మా?"

"మొగుణ్ణి చూసుకునేదానికి వారం వారం కూచుంటాండానని కొడుక్కు ఎట్ల చెప్పేదిరా? సిగ్గుగాదూ!" వీరమ్మ కళ్లు తుడుచుకుంది. "నువ్వు కడుపులో ఉండావు. తిరునాళ్లకు నేను పోలేకపోతి. అప్పుడు పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాండె మస్తాను. అక్కకు చూపిస్తానని తీసినాడు. నెల తిరక్కుండానే మీ నాయన పోయినాడు."

నాలుగూ అయిదయింది. ఫోన్ మోగింది.

వీరమ్మ తెర మీంచి కళ్లు తిప్పలేదు. గోపాలకృష్ణ తీశాడు.

"అక్కా," అంటోంది బెంగళూరు నుంచి మస్తాన్ గొంతు, "మీ పెద్ద టీవీలో బావ బాగా కనపడతాండాడా?"

గోపాలకృష్ణ తెర మీది నవ్వును మరోసారి చూశాడు.

"బాగా కనపడతాండాడు, మామా."