తలుపు వేసిన గది

"మళ్ళీ ఎర్రగానే చూపిస్తోంది!" అని మావారు కంప్యూటర్ మీద విసుక్కున్నారు.

కట్టబోయే ఇళ్ళు చలికాలంలో వెచ్చబడతాయో లేదో ముందే లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. అత్తయ్య గది వెచ్చగా ఉండాలని డాక్టర్ చెప్పినప్పటి నుంచి మా ఇంటినే కంప్యూటర్‌లోకి దించి కూర్చున్నారు.

"హాల్లో హీటర్ ఇల్లంతటికీ సరిపోవాలే! అమ్మ గది ఒక్కటే వెచ్చబడలేదని ఎర్రగా చూపిస్తోంది. లెక్కలో ఎక్కడో తప్పుంది."

"అత్తయ్య రగ్గు మీద రగ్గు కప్పుకుని వణుకుతున్నారు. ఆవిడలో కూడా తప్పే అంటారా?"

ఆయన వింటేగా! లెక్కలో హీటర్ పెద్దది చేశారు, గోడలు మందం చేశారు. ఎరుపు పోలేదు. ఉన్నట్టుండి తొడ చరిచారు.

"దొరికింది! ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉన్నట్టు పెట్టాను. తెరిస్తే చూడు, ఎరుపు మాయం! నా తెలివి తెల్లారినట్టే ఉంది. పొద్దస్తమానం తలుపెవరు మూసుకుంటారు?"

"మీ లెక్క సరైనదే," అన్నాను. "నా ఆన్‌లైన్ మీటింగుల్లో నీ దగ్గు వినపడుతోంది, తలుపు వేసుకోమ్మా అని మీరే అత్తయ్యతో అన్నారుగా. అప్పటి నుంచి తియ్యలేదు."

ఆయన మౌస్ వదిలేశారు. లేచి వెళ్ళి, ఆ తలుపు మెల్లగా తీశారు.

రగ్గు అంచు నోటికి అదుముకుని కూర్చున్న అత్తయ్య తలెత్తారు.

"మీటింగ్ అయిపోయిందా నాన్నా? ఇక దగ్గొచ్చా?"