అక్క నొప్పి

“ఆ గుడ్డు అక్కకి. నువ్వు పచ్చడేసుకుని తిను,” అంది వీరమ్మ.

మహిమ చేయి వెనక్కి తీసుకుంది. గోడవార మంచం మీద కూర్చున్న షారోన్ గుడ్డు ఒలుచుకుంటోంది. అక్కకి ఇరవై రెండేళ్లు. మూడేళ్ల క్రితం చర్చి మెట్ల మీద నడుం పట్టేసి పడిపోయింది. అప్పటినుంచీ ఇంట్లో మంచం, ఫ్యాను కింద చోటు, అమ్మ చేతి కాపడం అన్నీ తనవే.

“నాకూ ఓసారి కాపడం పెట్టమ్మా,” అంది మహిమ.

“అక్కని చూసి వేషాలు నేర్చుకోకు. నువ్వు కూడా మంచమెక్కితే కోతకెవరు పోతారే?”

మహిమ పచ్చడేసుకుని అన్నం కలుపుకుంది. తండ్రి తోమా తుళ్లూరులో కట్టే బిల్డింగుల దగ్గర కాపలా ఉంటాడు, నెలకోసారి వస్తాడు. ఇంటర్‌తో చదువాపేసిన మహిమ తల్లితో పాటు మిరపకాయల కోతకి వెళ్తుంది. అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్చేస్తుంది. ఆటో వచ్చేదాకా ఆగకుండా చేనికి నడిచి పోతుంది. అన్నాల వేళ ఆడవాళ్లంతా గట్టు మీద నడుం వాలిస్తే తను నిలబడే తిని మళ్లీ సాలులోకి దిగుతుంది.

“నీ చిన్నదాన్ని చూస్తే ముచ్చటేస్తది వీరమ్మా,” అనేవాడు మేస్త్రి బుల్లయ్య. “దానికి అలుపనేదే లేదు.”

వీరమ్మ మురిసిపోయేది. మహిమకి మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండేది.

ఆదివారాలు మరీ కష్టం. పాస్టరుగారు షారోన్ పేరెత్తి ప్రార్థన చేసేవారు. సంఘమంతా కళ్లు మూసుకుని ఏడిస్తే, మహిమ ఒక్కతే కళ్లు తెరిచి అక్కని చూస్తూ నిలబడేది. ఒక్క వారమైనా తన పేరు అక్కడ వినపడలేదు.

“నీకేం? హాయిగా పడుకుంటావు,” అంది ఓ సాయంత్రం ఉండబట్టలేక.

షారోన్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. “హాయా? అయితే ఈ నొప్పి నువ్వు తీసుకుని నీ ఒళ్లు నాకియ్యవే.”

మహిమ ఆమె వైపు ఒక్క క్షణం చూసి, విసురుగా బయటికి పోయింది.

ఆ వారం వీరమ్మకి జ్వరమొచ్చింది. షారోన్‌ని గుంటూరులో డాక్టరుకి చూపించే పని మహిమ మీద పడింది. అద్దంకిలో బస్సెక్కేసరికి ఒక్క సీటే దొరికింది. అక్క కూర్చుంది. చిలకలూరిపేటలో పక్క సీటు ఖాళీ అయింది.

“కూర్చోవే, ఇంకా ఎందుకా అలక?”

“నాకేం వద్దు,” అంటూ గుంటూరు దాకా నిలబడే వెళ్లింది మహిమ.

బ్రాడీపేటలో డాక్టరమ్మ షారోన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, వెన్నుపూస మీద ఒక్కోచోటే వేలితో నొక్కుతూ అడిగింది. “ఇక్కడా? ఇక్కడ కూడా ఉందామ్మా?” ఎంత మెత్తగా అడుగుతోందో! గోడకి ఆనుకుని నిలబడ్డ మహిమకి అక్కని అక్కణ్ణించి లాగేయాలనిపించింది.

“రోజంతా మంచం మీదే ఉంటున్నావా?” డాక్టరమ్మ కోప్పడింది. “అందుకే తగ్గట్లేదు. ఈ నొప్పి కదలకుండా ఉంటే పెరుగుద్ది, తిరుగుతుంటే తగ్గుద్ది. అన్నట్టు, ఇది ఒక్కోసారి ఒకే ఇంట్లో ఇద్దరికీ ఉంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“ఎవరికీ లేదండీ,” షారోన్ నవ్వింది. “మా చెల్లయితే ఉక్కుముక్క.”

డాక్టరమ్మ ‘లేదు’ అని రాసుకుని మందుల చీటీ చేతికిచ్చింది. షారోన్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “పదవే, బస్సు పోద్ది.”

మహిమ కదల్లేదు. కాసేపటికి మెల్లగా వచ్చి, అక్క లేచిన కుర్చీలో కూర్చుంది. మూడేళ్లుగా కుళ్లుకున్న కుళ్లంతా కన్నీళ్లై కారుతుంటే తలొంచుకునే అంది.

“నాకు అక్కకంటే ముందునుంచే ఉందండీ.”