బండికి పట్టిన భయం

బానెట్ ఎత్తి, చొక్కా చేతులు మడిచి, బ్యాటరీకి ఉన్న నల్ల తీగను ఊడదీశాడు భర్త. నిన్నటిదాకా ఇంట్లో బల్బు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్‌ను పిలిచిన మనిషి. ఫోన్‌లో రెండు వీడియోలు చూసేసరికి ఇంజినీరైపోయాడు.

"ఏవండీ, అది తీస్తే ఏమవుతుంది?" గుమ్మంలోంచి అడిగింది భార్య.

"ఇంజిన్‌కో కంప్యూటర్ ఉంటుంది. నడిపేవాడి తీరు చూసి నేర్చుకుంటుంది. మనకంటే ముందు దీన్ని నడిపినవాడెవడో ఉత్త పిరికివాడు. వాడి భయం దీనికి పట్టుకుంది. కాసేపు కరెంటు ఆపితే అంతా మరిచిపోతుంది."

"తీగ పీకితే భయం పోతుందా?"

"నీకు చెప్పినా అర్థం కాదులే."



ఈ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పటి నుంచీ ఆయనకు ఒకటే దిగులు. ఎంత తొక్కినా బండి మూలుగుతుంది తప్ప ఉరకదు. కొనేటప్పుడు లోపం చూడలేదని కాదు. టైర్లు తన్ని చూశాడు, పాటలు మోగించి చూశాడు, స్టీరింగ్ ముందు కూర్చుని అద్దంలో మీసం చూసుకున్నాడు. పక్క సీట్లో కూర్చోవడం ఆడవాళ్ల పనని ఆయన నమ్మకం. లోపల తుడవడం కూడా ఆవిడ పనే. "బ్రేకు ప్యాడ్లు అప్పుడే అరిగిపోయాయేంటి సార్?" అని మెకానిక్ బుర్ర గోక్కుంటే, సరుకు నాసిరకమని తేల్చేశాడు.

భార్య మాత్రం ఈ బండి వచ్చాక తేరుకుంది. పాత కారును ఆయన గోడకు గుద్దినప్పటి నుంచి తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చునే మనిషి, ఇందులో హాయిగా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంటోంది.

అసలు చిక్కంతా పోయిన ఆదివారం వచ్చింది. ఊరి చివర ఎత్తు రోడ్డు మీద వీళ్ల కారును ఒక సైకిలు దాటిపోయింది. వెనక సీట్లోంచి బావమరిది, "దిగి తొయ్యమంటావా బావా?" అన్నాడు. ఆ మాట ఆయనను నిద్రపోనివ్వలేదు. రీసెట్ చేశాక కూడా పరువు దక్కకపోతే, దీన్ని అమ్మేసి బావమరిదికున్నలాంటి పెద్ద ఇంజిన్ బండి కొంటానని శపథం పట్టాడు. అది విని భార్య, ఈ బండి చేజారకూడదని దేవుడికి మొక్కుకుంది.

తీగ మళ్లీ బిగించి, వీడియోలో చెప్పినట్టు తాళం తిప్పి, యాక్సిలరేటర్ అడుగుదాకా నొక్కి వదిలాడు. కొన్నాక మొదటిసారి భార్య లేకుండా ఒక్కడే వెళ్లి వీధి చుట్టొచ్చాడు. బండి ఉరికింది. ఆయన జుట్టు రేగి, మొహం వెలిగిపోయింది.

"ఎక్కండి," అన్నాడు.

భార్య పక్కన కూర్చుంది. బావమరిది వెనక చేరాడు, నవ్వడానికి సిద్ధంగా. ఎత్తు మొదలైంది. ముందు ఒక బస్సు పోతోంది. ఆయన పళ్లు బిగించి తొక్కాడు. భార్య కళ్లు గట్టిగా మూసుకుని, కాళ్లు రెండూ సీటు కిందికి ముడుచుకుంది.

బండి ఒక్క ఊపున బస్సును దాటేసింది. బావమరిది నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"ఏరా, ఇప్పుడు తోస్తావా?" అన్నాడు బావ, వెనక్కి తిరిగి మరీ.

ఎదురుగా మలుపు. మలుపులోంచి లారీ. ఆయన ఇటు తిరిగేలోపే కారు మెత్తగా నెమ్మదించి, మలుపుకు ముందే ఆగి, లారీకి దారిచ్చింది.

ముందుగా ఊపిరి పీల్చుకున్నది ఆయనే.

"చూశారా, నేను బ్రేకు మీద కాలు పెట్టనే లేదు. ఎప్పుడు ఉరకాలో, ఎప్పుడు ఆగాలో కంప్యూటరే నేర్చేసుకుంది. ఇక ఈ బండిని చచ్చినా అమ్మను."

"మంచి పని చేశారండీ," అంటూ భార్య, డ్రైవింగ్ స్కూలు వాళ్లు నేర్పే మాస్టారి కోసం పక్క సీటు ముందు బిగించి, కారు అమ్మేటప్పుడు తీయడం మరిచిపోయిన రెండో బ్రేకు మీద నుంచి మెల్లగా కాలు తీసింది.