తేటనీళ్ళ రోజు

బట్టల అద్దకం ఫ్యాక్టరీకి ఇవాళ తనిఖీ అధికారి వస్తున్నాడని పక్కింటావిడ చెప్పిందట. ఆ మాట చెవిన పడీపడగానే అత్తగారు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మూట కట్టేసింది.

"మీరు నోరు మాత్రం విప్పకండి అత్తయ్యా, మీ అబ్బాయి ఉద్యోగం అక్కడే" అంటూ కోడలు వెంటపడింది.

ఫ్యాక్టరీ నీళ్ళు వచ్చి కలిసే కాలవ ఇవాళ నిజంగానే తేటగా ఉంది. గట్టు మీద ఫ్యాక్టరీ యజమాని గాజుగ్లాసులో ఆ నీళ్ళు ముంచి అధికారికి చూపిస్తున్నాడు.

"మా పాలిమర్ గుళికలు రంగునంతా పీల్చేస్తాయి సార్! చుక్క మిగిలితే ఒట్టు."

అధికారి మురిసిపోయి, దుప్పటి ఉతుకుతున్న అత్తగారిని పలకరించాడు. "ఏం పెద్దమ్మా, నీళ్ళు బాగున్నాయా?"

"బంగారంలా ఉన్నాయి నాయనా."

కోడలు ఊపిరి పీల్చుకుంది. యజమాని కూడా.

"రోజూ ఇలాగేనా?"

కోడలు అత్తగారి కొంగు లాగింది. ఆవిడ విదిలించుకుంది.

"రోజూ ఎక్కడివి? నిన్న ఎర్రగా పారాయి, మొన్న నీలంగా. మనవడికి ఒళ్ళంతా దద్దుర్లు. ఆ గుళికలేవో నువ్వొచ్చిన రోజే వేస్తారు. మా వీధిలో ఓ వాటా ఖాళీగా ఉంది, పెట్టేబేడా తెచ్చుకుని దిగిపో నాయనా."