తుమ్మలవరం టిక్కెట్లు

"స్టేషను ఎత్తెయ్యడం లేదు," అన్నాడు స్టేషను మాస్టరు జయరావు, చేతిలోని కాగితం మీంచి తలెత్తకుండానే.

గుంటూరు నుంచి వచ్చిన సాయంత్రం పాసింజరు ఇంకా ప్లాట్‌ఫారం పూర్తిగా దాటలేదు. గార్డు అందించి వెళ్ళిన కవరును ఆయన అప్పుడే చింపాడు. బండి దిగిన నజీరా చేతిసంచి బెంచీ మీద పడేసి, ఎదురొచ్చిన భర్త సిలార్ రెండు చేతులూ పట్టుకుంది. పెళ్ళయి మూడు నెలలు. పదిమందిలో మొగుడి చేతులు పట్టుకున్న ఆడపిల్లను తుమ్మలవరం అంతవరకూ చూడలేదు. సిలార్ చెవులు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"అయితే నేను హాస్టల్లో చేరక్కర్లేదు," అంది నజీరా. "పొద్దున బండెక్కి గుంటూరు ట్రైనింగు బడికి. సాయంత్రం బండెక్కి ఇంటికి."

"ఇప్పుడు చేస్తున్నదీ అదేగా."

"ఇప్పటిదాకా భయపడుతూ చేశానండీ. రేపట్నుంచి హాయిగా చేస్తాను."

కబురు మిర్చి కొట్ల దాకా పాకింది. మిరపకాయలకు తొడిమలు తీసే ఆదెమ్మ అందరికంటే ముందు వచ్చింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. అది ఏడుపో మిరప ఘాటో ఎవరికీ తెలియలేదు. వెనకే వ్యాపారి చెంచురామయ్య, ఆయన వెనక పత్తి మిల్లు కూలీలు ఒంటి నిండా దూదితో వచ్చారు.

"నేను చెప్పలా?" అన్నాడు చెంచురామయ్య. "టిక్కెట్లు తెగని స్టేషను మూసేస్తామన్నారు. తెగేట్టు చేశాం. సోమవారం మిల్లువాళ్ళు, మంగళవారం మా కొట్లవాళ్ళు, శుక్రవారం మసీదువాళ్ళు, ఆదివారం చర్చివాళ్ళు. ఆరు నెలల్లో ఒక్క వంతు తప్పలా."

"నా కాడ ఇరవై ఆరున్నయ్యి," అంది ఆదెమ్మ. "గుంటూరు ఎట్టుంటదో చూళ్ళేదు గానీ, కాయితాల మీద ఇరవై ఆరు సార్లు పోయినదాన్ని."

నజీరాకు నవ్వు ఆగలేదు. ఆమెకైతే నెల పాసు ఉంది. ఊళ్ళో మిగతావాళ్ళు కొన్న ఆ చిన్న చిన్న అట్టముక్కలు చూరుల్లో, బియ్యం కుండల్లో, దేవుడి పటాల వెనక ఉన్నాయి. తలుచుకుంటే, ఊరంతా తన పెళ్ళికి చదివించిన చదివింపుల్లా అనిపించాయి.

"ఆగండి," అన్నాడు జయరావు. "ఇంకో పేరా ఉంది."

రూలు పుస్తకంలో లేని మాట మాట్లాడడానికి కూడా జంకే మనిషి ఆయన. ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు చదివాడు.

"తుమ్మలవరంలో టిక్కెట్ల అమ్మకం తృప్తికరముగా ఉన్నందున టిక్కెట్ల కిటికీ యథాప్రకారము కొనసాగును. అయితే గార్డుల నివేదికల ప్రకారము ఇచ్చట రోజూ బండి ఎక్కుచున్నవారు ఒక్కరే. కావున రేపటి నుండి పాసింజరు ఇచ్చట ఆగదు. టిక్కెట్లు కొన్నవారు తరువాతి స్టేషనులో ఎక్కవలెను."

అందరూ ఆ ఒక్కరి వంక చూశారు. నజీరా సిలార్ చేతులు వదిలేసింది.

"తర్వాతి స్టేషను ఏడు మైళ్ళు," అన్నాడు సిలార్.

"ఎక్కాలని మాకెవరు చెప్పారు?" అంది ఆదెమ్మ. "కొనాలన్నారు, కొన్నాం. నేను గుంటూరు పోయి కూర్చుంటే ఇక్కడ తొడిమలు ఎవరు తీస్తారు?"

"అర్జీ పెడదాం," అన్నాడు చెంచురామయ్య.

"జవాబు రావడానికి మూడు నెలలు," అన్నాడు జయరావు.

సిలార్ భార్య సంచి అందుకున్నాడు. "అప్పటిదాకా హాస్టల్లో ఉందువులే నజీరా. ఆదివారాలు నేనే వస్తాను."

"నేను హాస్టల్‌కి వెళ్ళను." ఆమె సంచి లాక్కుంది. "చెంచురామయ్యగారూ, ఈ ప్లాట్‌ఫారానికి మట్టి ఎవరు తోలారు?"

"మా నాన్న. పంతొమ్మిది వందల ముప్పైలో, సొంత బండ్లతో."

"రాళ్ళు మోసింది మా అత్త," అంది ఆదెమ్మ.

"ముప్పై రెండేళ్ళు ఆగిన బండి, ఒక కాగితం రాస్తే ఆగడం మానేస్తుందా? టిక్కెట్లు కొని ఎక్కకపోవడం మన తెలివితక్కువ. రేపు టిక్కెట్లు కొని అందరం ఎక్కుదాం. ఎంతమంది ఎక్కారో గార్డుగారే రాసుకుంటారు."

"ఆగని బండి ఎట్టా ఎక్కుతాం అమ్మాయ్?" అన్నాడు చెంచురామయ్య.

"ఆగకేం," అంది ఆదెమ్మ. "పట్టాల మీద నేను కూర్చుంటా. నన్ను తొక్కి పొమ్మను."

"నేనూ కూర్చుంటా," అంది నజీరా. మిల్లు కూలీలు మేమూ అన్నారు. సిలార్ ఒకసారి భార్య మొహంలోకి చూసి, "నేను ముందు వరసలో," అన్నాడు.

"కుదరదు," అన్నాడు జయరావు. "పట్టాల మీద ఒక్క మనిషి కాలు పెట్టినా పోలీసులకు కబురు పంపాల్సింది నేనే."

"పంపుకోండి మాస్టారూ," అంది నజీరా. "మీ ఉద్యోగం మీరు చేసుకోండి. మా బండి మేం ఆపుకుంటాం."

జయరావు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు.

"ఎవరూ పట్టాల మీదికి దిగొద్దు," అన్నాడు. "రేపు పొద్దున ఆరింటికల్లా పిల్లా జెల్లాతో అందరూ ప్లాట్‌ఫారం మీదే ఉండండి. అదిగో, ఆ కొసనున్న సిగ్నలు దించితేనే ఏ బండైనా ఈ స్టేషను దాటేది. మీలో ఆఖరి మనిషి ఎక్కేదాకా నేను దించను."