ముతాలే టీచర్ క్లాసు

"తాళం వేయాలి. పిల్లల్ని బయటికి పిలవమ్మా," అన్నాడు విద్యాశాఖ ఆఫీసరు చిలేక్వా, మోటార్ సైకిల్ దిగీ దిగకముందే.

బడి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కసోండే వాళ్లమ్మ కూర్చుంది. బడి కమిటీకి పెద్ద ఆవిడే. ఒళ్లో చేట పెట్టుకుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. లేవలేదు.

"టీచర్ని పంపండి మొర్రో అంటే తాళం పంపారా నాయనా? బాగుంది మీ ఆఫీసు."

"టీచర్ లేని బడి నడపకూడదని రూలు. నా చేతుల్లో ఏం లేదు. పిల్లల్ని ఏటి అవతల బడిలో చేర్పించండి."

"ఏట్లో మొసళ్లున్నాయి. పోతూ పోతూ వాటికి కూడా నీ రూలు చెప్పి వెళ్లు."

గడ్డి కప్పు మీద కూర్చుని చిల్లులు పూడుస్తున్న మగవాళ్లిద్దరూ కిసుక్కున నవ్వారు. చిలేక్వా మొహం మాడ్చుకున్నాడు.

"అయినా టీచర్ లేదని నీకెవరు చెప్పారు?" అంది ఆవిడ. "లోపల క్లాసు జరుగుతోంది. కాస్త మెల్లగా మాట్లాడు."

"ఎవరు చెబుతున్నారు క్లాసు?"

"ఇంకెవరు? ముతాలే టీచర్."

చిలేక్వా చేట వంక చూశాడు, ఆవిడ మొహం వంక చూశాడు. వేళాకోళం జాడ ఎక్కడా లేదు.

"మతి గాని పోయిందా అమ్మా నీకు? పోయిన వానల్లోనే కదా ఆవిడ్ని పాతిపెట్టాం. గోతిలో మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను."

"వేశావు. వేసి, చేతులు కడుక్కుని, ఆ సాయంత్రమే బండెక్కి పోయావు. ఆ తర్వాత ఇక్కడేం జరిగిందో నీకేం తెలుసు?"

అప్పుడే లోపల్నుంచి బోర్డు మీద బెత్తం టకటకమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"వెనక వరస, ఆ నమలడం ఆపండి. నాకు వీపుకి కూడా కళ్లున్నాయి."

చిలేక్వా కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట ముతాలే టీచర్ది, ఇంకెవరిదీ కాదు. చిన్నప్పుడు ఇదే బడిలో, ఆ వెనక వరసలోనే కూర్చుని చెరుకు నమిలి ఆవిడ చేత ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో. గొంతు మాత్రం సన్నగా ఉంది. చివరి రోజుల్లో దగ్గు పట్టుకుని ఆవిడ గొంతు అలాగే సన్నబడిపోయింది.

కిటికీకి రెల్లు చాప కట్టేసి ఉంది. లోపల ఏమీ కనబడదు. కప్పు మీది మగవాళ్లు ఎప్పుడు దిగారో దిగి, టోపీలు తీసి, గోడవారగా గొంతుక్కూర్చున్నారు. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఎవర్ని కూర్చోబెట్టారు లోపల?" చిలేక్వా గొంతు తగ్గించాడు.

"చెప్పానుగా."

"నన్ను భయపెట్టి పంపేద్దామని చూస్తున్నారు మీరంతా."

"భయమైతే పోనీ వెళ్లిపో నాయనా. తాళం వేసొచ్చానని ఆఫీసులో చెప్పుకో. మేం ఎవరికీ చెప్పంలే."

ఆ మాట అతనికి సూదిలా గుచ్చుకుంది. దెయ్యాలూ ఆత్మలూ అంటూ మాట్లాడినందుకు ఇంట్లో భార్యని రోజూ వెక్కిరించే మనిషి. మిట్టమధ్యాహ్నం, ఇంతమంది ఎదుట, ఎలా వెనక్కి తిరుగుతాడు? కసోండే వాళ్లమ్మ పీట పక్కకి జరిపింది. అతను గుమ్మంలో కాలు పెట్టాడు.

"ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడాలి?" అంది లోపలి గొంతు.

యాభయ్యేళ్ల ఆఫీసరు కాళ్లు వాటంతటవే మూలకి నడిచాయి. గోడకి ఆనుకున్నాక గానీ అతను తలెత్తలేకపోయాడు.

దుంగల మీద కిక్కిరిసిన పిల్లలు. నలుగురికి ఒక పలక. వాళ్ల ముందు, బోర్డు అందక బోర్లించిన రోలెక్కి, ఎనిమిదేళ్ల పిల్ల నిలబడి ఉంది. ముతాలే టీచర్ మనవరాలు. టీచర్ కోటు ఆ పిల్లకి మోకాళ్ల దాకా వచ్చింది. సుద్దముక్క లేక, ఎండిన కర్రపెండలం ముక్కతో ఎక్కాలు రాస్తోంది. ముంజేతికి దారం, దారానికి తెల్ల పూస.

చిలేక్వాకి అర్థమైంది. పోయినవాళ్ల ఆత్మ దిక్కులేక తిరగకూడదని ఇంట్లో ఒకరికి ఆ పూస కట్టి, పేరు అప్పగిస్తారు. కట్టించుకున్నవాళ్లు ఇక ఆ మనిషే. చిలేక్వా ఇంట్లోనూ అంతే. వాళ్ల నాన్న పేరు అప్పగించిన తమ్ముడి కొడుకుని అతను 'నాన్నా' అనే పిలుస్తాడు. కానీ పోయినవాళ్ల ఉద్యోగం కూడా అప్పగించడం మాత్రం ఎక్కడా చూడలేదు.

పిల్లలెవరూ నవ్వడం లేదు. గుమ్మం బయట పెద్దవాళ్లు తల దించుకుని చూస్తున్నారు. అతనికి బెంగగా అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది. పూస కట్టించుకున్నవాళ్ల ముందు నిలబడి మాట్లాడటం అతని వల్ల కాదు. మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు దోసిలిలా చేసి, పెద్దలకి దణ్ణం పెట్టే పద్ధతిలో మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"టీచర్‌గారూ, నమస్కారం. బడికి ఏం కావాలో చెప్పండి. పంపించే పూచీ నాది."

"సుద్దముక్కలు కావాలి. పలకలు కావాలి. వానలు రాకముందే రేకులు కావాలి," అంది ఆ పిల్ల, గుమ్మంలో ఉన్న పెద్దలకి వినబడేలా, ముతాలే టీచర్ గొంతుతో.

తర్వాత రోలు మీంచి దిగి దగ్గరకొచ్చింది. పెద్దవాళ్లకి వీపు పెట్టి, అతని చెవిలో నోరు పెట్టింది. ఈసారి గొంతు ఎనిమిదేళ్లదే.

"మా అమ్మమ్మ నిజంగానే చచ్చిపోయింది సార్. నాకు ఐదో ఎక్కం దాకే వచ్చు."